హాస్కెల్‌కి లాపాక్ జోడిస్తున్నా: ప్రాజెక్టు డైరీ

సోమవారం

పని ఏమిటో ముందు రాసి పెట్టుకుంటున్నా. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాట్రిక్స్ లెక్కలు చేయాలి: గుణకారం, సమీకరణాల సాధన, ఐగెన్ విలువలు (మ్యాట్రిక్స్ కొన్ని వెక్టర్లని ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యలు). అల్గారిథమ్‌లు సొంతంగా రాసే ఉద్దేశం లేదు. వెక్టర్, మ్యాట్రిక్స్ ప్రాథమిక లెక్కల రొటీన్‌లైన బ్లాస్ మొదటి లెవెల్ 1979లో, రెండోది 1988లో, మూడోది 1990లో ప్రచురితమయ్యాయి. వాటి మీద కట్టిన, సమీకరణాలూ ఐగెన్ విలువలూ లెక్కించే ఫోర్ట్రాన్ లైబ్రరీ లాపాక్ 1992లో బయటికొచ్చింది. అప్పటి నుంచి ఎన్ని రకాల డేటా దాని గుండా పోయిందో లెక్కలేదు. నేను కూర్చుని రాసే ఎల్‌యూ (మ్యాట్రిక్స్‌ని కింది త్రిభుజం ఎల్, పై త్రిభుజం యూ అని రెండుగా విడగొట్టడం) వేగంలోనూ దాని దరిదాపులకు రాదు, నమ్మకంలోనూ రాదు.

హాస్కెల్‌కి ఇదే పని చేసే హెచ్‌మ్యాట్రిక్స్ లైబ్రరీ ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది, నిక్షేపంలా ఉంది. పని అయితే చాలనుకునేవాళ్లు అదే వాడుకోవడం మంచిది. నాకు కావలసింది కాస్త వేరు. మెమరీ ఎక్కడ పుడుతోంది, ఎప్పుడు కాపీ అవుతోంది, దాని మీద రాసే హక్కు ఎవరికుంది అనేవి ఫంక్షన్ టైప్ చూస్తేనే తెలియాలి. లాపాక్‌ని పిలవడం ఒక పూట పని. పిలిచాక ఏ బఫర్ (డేటా ఉండే మెమరీ ముక్క) ఎవరిదో తేల్చుకోవడానికే మిగతా టైమంతా పోతుంది.

లోపలికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఫోర్ట్రాన్ రొటీన్‌లనే నేరుగా పిలవడం. అక్కడ ప్రతి ఆర్గ్యుమెంటూ పాయింటరే, మ్యాట్రిక్స్ సైజుతో సహా. పేరు చివర అండర్‌స్కోర్ ఉంటుందా లేదా అన్నది కంపైలర్ ఇష్టం. అసలు చిక్కు ఇంకోటి: ‘ట్రాన్స్‌పోజ్ చెయ్యాలా వద్దా’ అని చెప్పే ఒక్క అక్షరం ఆర్గ్యుమెంట్లకు కూడా ఫోర్ట్రాన్ కంపైలర్ కంటికి కనబడని పొడవు ఒకటి చివర్లో తగిలించుకుంటుంది. సీ నుంచి పిలిచేవాళ్లు దశాబ్దాలుగా దాన్ని ఎగ్గొడుతూనే వచ్చారు, ఏమీ కాలేదు. జీసీసీ కుటుంబంలోని ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్‌లోని ఒక ఆప్టిమైజేషన్ ఆ పొడవు నిజంగానే అక్కడ ఉందని నమ్మి పనిచేసేసరికి, 2019లో ఆర్ భాష ప్యాకేజీలు కొన్ని కూలడం మొదలెట్టాయి. పైగా జీసీసీ 8 నుంచి ఆ పొడవు టైపే మారిపోయింది.

రెండో దారి సీబ్లాస్, లాపాక్‌ఈ. సీ భాష వాళ్ల కోసం చేసిన ముఖద్వారాలివి. అక్షరాల గొడవ వాటిలోపలే తేలిపోతుంది. వేరే భాషల ఫంక్షన్లని పిలిచే హాస్కెల్ ఎఫ్‌ఎఫ్‌ఐకి సీ పద్ధతి బాగా తెలుసు. ఈ దారే పట్టుకున్నా.

ఇక్కడే ఇంకో విషయం తేల్చేయాలి. లైబ్రరీని 32 బిట్ల పూర్ణసంఖ్యలతో కట్టారా, 64 బిట్లతోనా? తేడా ఉంటే సైజుల దగ్గర అదృష్టం కొద్దీ గట్టెక్కొచ్చు. పివట్ల వరుస (ఏ రో దేనితో మారిందో లైబ్రరీ రాసిచ్చే పట్టిక) దగ్గర మాత్రం, నేనిచ్చిన చోటుకి రెట్టింపు మేర లైబ్రరీ రాసుకుంటూ పోతుంది. జూలియా భాష వాళ్లు 64 బిట్ల ఓపెన్‌బ్లాస్‌లో (బ్లాస్, లాపాక్‌ల వేగవంతమైన రూపం ఒకటి) ప్రతి ఫంక్షన్ పేరు చివరా ‘64_’ అని చేర్చేది ఇందుకే. తప్పు లైబ్రరీ తగిలితే రన్ చేసేటప్పుడు కాక లింక్ దగ్గరే ఆగిపోతుంది. నేను ప్రస్తుతానికి 32 బిట్లకే కట్టుబడ్డా.

బుధవారం

మొదటి ఫంక్షన్ డీజెమ్, మ్యాట్రిక్స్ గుణకారం. ఫోర్ట్రాన్‌లో 13 ఆర్గ్యుమెంట్లు, సీబ్లాస్‌లో లేఅవుట్‌తో కలిపి 14. అందులో ఆరు ఉత్త పూర్ణసంఖ్యలు: మూడు సైజులు, మూడు ‘లీడింగ్ డైమెన్షన్’లు (మెమరీలో ఒక కాలమ్ మొదలు నుంచి తర్వాతి కాలమ్ మొదలుకి దూరం). రెండు తారుమారైనా కంపైలర్ కిమ్మనదు. అందుకని రోల సంఖ్యకొక న్యూటైప్ (ఉన్న టైప్‌నే వేరే పేరుతో చుట్టిన కొత్త టైప్), కాలమ్‌ల సంఖ్యకొకటి, లీడింగ్ డైమెన్షన్‌కొకటి పెట్టాను. న్యూటైప్‌కి రన్‌టైమ్‌లో ఖర్చేమీ ఉండదు. కన్‌స్ట్రక్టర్ స్కోప్‌లో ఉంటే ఫారిన్ ఇంపోర్ట్ దాన్ని నేరుగా ఒప్పుకుంటుంది కూడా.

లేఅవుట్ కాలమ్ మేజర్, అంటే మెమరీలో కాలమ్ తర్వాత కాలమ్. దీని మీద ఇక చర్చ లేదు. లాపాక్‌ఈకి రో మేజర్ అని చెబితే చాలా రొటీన్‌లలో లోపల కొత్త మెమరీ తీసుకుని, డేటాని తిప్పి రాసి, పని చేసి, మళ్లీ తిప్పి ఇస్తుంది. మెమరీ ఎక్కడ పుడుతోందో తెలియాలని మొదలుపెట్టిన ప్రాజెక్టులో చాటుగా జరిగే కాపీకి చోటు లేదు.

మ్యాట్రిక్స్ టైపులో ఇవి ఉన్నాయి: ఫారిన్ పాయింటర్ (బఫర్ చిరునామా), మొదలు ఎక్కడో చెప్పే ఆఫ్‌సెట్, రోలు, కాలమ్‌లు, లీడింగ్ డైమెన్షన్, ట్రాన్స్‌పోజ్ అయిందా లేదా అనే గుర్తు. చివరి రెండూ చాలా పని చేస్తాయి. 1000 × 1000 మ్యాట్రిక్స్ మధ్యలోంచి 10 × 10 ముక్క కావాలంటే డేటా కదలనక్కర్లేదు. ఆఫ్‌సెట్ మారుతుంది, లీడింగ్ డైమెన్షన్ 1000గానే ఉంటుంది. ఒక రోని వెక్టర్‌గా చూడాలంటే అంగ (ఒక అంశం నుంచి తర్వాతి దానికి దూరం) 1000. ట్రాన్స్‌పోజ్ అంటే గుర్తు తిరగేయడమే; డీజెమ్ ఎలాగూ ఆ గుర్తునే ఆర్గ్యుమెంటుగా అడుగుతుంది.

దీనికో వెల ఉంది. 10 × 10 ముక్క బతికున్నంత కాలం దాని వెనకున్న 8 మెగాబైట్ల బఫర్ కూడా బతికే ఉంటుంది. వాడని మెమరీని తిరిగి తీసుకునే గార్బేజ్ కలెక్టర్‌కి ముక్క సంగతి తెలియదు, బఫర్ సంగతే తెలుసు. వాడేవాళ్లు తమంతట తాము పిలిచేలా ‘విడిగా కాపీ’ అనే ఫంక్షన్ ఇచ్చాను. ఆటోమేటిక్‌గా చేయలేదు.

బఫర్లు మ్యాలక్‌ఫారిన్‌పాయింటర్‌బైట్స్‌తో తీసుకుంటున్నా. అవి హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ చూసుకునే హీప్ మెమరీలోనే, కదలకుండా పిన్ అయి ఉంటాయి. ఫైనలైజర్ లేదు, విడుదల కలెక్టరే చూసుకుంటుంది. లోపల పాత చెత్త ఉంటుంది నిజమే. కానీ డీజెమ్‌కి బీటా (పాత ఫలితాన్ని గుణించే సంఖ్య) సున్నా ఇస్తే ఫలితం రాసే చోట అంతకుముందు ఏముందో చూడదు, అక్కడ నాన్ (‘సంఖ్య కాదు’ అనే విలువ) ఉన్నా సరే. ఇది ఆ రొటీన్ స్పెసిఫికేషన్‌లోనే రాసిన మాట. కాబట్టి ముందుగా సున్నాలు నింపే ఖర్చు తప్పింది.

గురువారం

సమీకరణాలు సాధించే డీజీఈఎస్‌వీకి వచ్చాను. హాస్కెల్‌కీ ఫోర్ట్రాన్‌కీ పొసగని చోటు ఇదే. మ్యాట్రిక్స్, కుడివైపు వెక్టర్ ఇస్తే అది రెంటినీ చెరిపేస్తుంది. మ్యాట్రిక్స్ ఉన్నచోట ఎల్, యూ వచ్చి కూర్చుంటాయి, వెక్టర్ ఉన్నచోట జవాబు. హాస్కెల్‌లో ఒక పేరుకి ఒక విలువ అంటే ఎప్పటికీ అదే విలువ. పైగా ఇది లేజీ భాష, ఎప్పుడు లెక్కిస్తుందో ముందే చెప్పలేం. పాత మ్యాట్రిక్స్‌ని ఎవరో తర్వాత చదవబోతుంటే, ఆపాటికి అక్కడ ఎల్‌యూ ఉంటే, టైప్ చెప్పినదంతా అబద్ధమే.

మామూలు ఫంక్షన్‌కి నా తీర్మానం: ముందు కాపీ, తర్వాత పిలుపు. కాపీ అంటే భయపడతారు గానీ లెక్క చూడండి. సైజు 1000 అయితే కాపీ చేయాల్సింది పది లక్షల డబుల్స్. ఎల్‌యూకి అయ్యే ఫ్లోటింగ్ పాయింట్ పనులు సైజు ఘనంలో మూడింట రెండొంతులు, అంటే దాదాపు 67 కోట్లు. దాని ముందు ఈ కాపీ ఏ మూలకి!

కాపీ కూడా వద్దనేవాళ్లకి ఎస్‌టీ మోనాడ్‌లో (బయటికి కనబడకుండా మెమరీని మార్చుకోనిచ్చే హాస్కెల్ ఏర్పాటు) రెండో రకం ఫంక్షన్లు. మార్చదగిన మ్యాట్రిక్స్‌కి వేరే టైప్, దానికి ఎస్‌టీ గుర్తు. డీజీఈఎస్‌వీ ఆ టైప్ మీదే పనిచేస్తుంది. అయిపోయాక గడ్డకట్టించి మామూలు మ్యాట్రిక్స్‌గా బయటికి తెచ్చుకోవచ్చు. 2021లో వచ్చిన జీహెచ్‌సీ 9.0 నుంచి లీనియర్ టైపులున్నాయి (విలువని ఒక్కసారే వాడేలా చూసేవి), వాటితోనూ ఈ పని చేయొచ్చు. ఒక మాడ్యూల్‌లో పెట్టి చూశాను, సిగ్నేచర్లు చదవడానికి బరువుగా ఉన్నాయి. పక్కన పెట్టాను.

మెమరీ మార్చే పనిని స్వచ్ఛమైన ఫంక్షన్‌లా చూపించే అన్‌సేఫ్‌పెర్ఫార్మ్‌ఐఓ వాడకానికి ఒక్కటే కట్టుబాటు: బఫర్ పుట్టించడం, సీ ఫంక్షన్‌ని పిలవడం, గడ్డకట్టించడం మూడూ ఒకే బ్లాకులో జరగాలి. ‘ఈ సైజులో ఖాళీ బఫర్ ఇవ్వు’ అనే పనిని విడిగా స్వచ్ఛమైన ఫంక్షన్‌లా చేస్తే, ఒకే సైజు రెండుసార్లు అడిగిన చోట కంపైలర్ ‘రెండూ ఒకటేగా’ అని కలిపేయగలదు. దాని దృష్టిలో అది న్యాయమే. అప్పుడు రెండు మ్యాట్రిక్స్‌లూ ఒకే మెమరీలో ఉంటాయి.

శనివారం

ఎల్‌యూని విడి విలువగా ఇవ్వాలని ముందు నుంచీ అనుకుంటున్నదే. ఒకసారి విడగొట్టుకుంటే ఎన్ని కుడివైపు వెక్టర్లకైనా వాడుకోవచ్చు. ట్రాన్స్‌పోజ్ చేసిన మ్యాట్రిక్స్‌కి జవాబు కావాలన్నా అదే ఎల్‌యూ చాలు. ఎల్‌యూతో జవాబు లెక్కించే డీజీఈటీఆర్‌ఎస్‌కి ట్రాన్స్‌పోజ్ ఆర్గ్యుమెంటు ఉంది.

పివట్ల వరుసని మాత్రం జాగ్రత్తగా చదవాలి. చిన్న ఉదాహరణ చేత్తో చేసి టెస్టులో పెట్టాను. పై రో 1, 2. కింది రో 3, 4. కాలమ్ మేజర్‌లో మెమరీలో ఉండే వరుస 1, 3, 2, 4. ఎల్‌యూగా విడగొట్టే డీజీఈటీఆర్‌ఎఫ్ నడిచాక అదే చోట 3, 0.333, 4, 0.667 ఉంటాయి. మొదటి కాలమ్‌లో పెద్దది 3 కాబట్టి రోలు తారుమారయ్యాయి, 0.333 అన్నది ఎల్‌లోని మూడో వంతు. 2 లోంచి 4లో మూడో వంతు తీసేస్తే 0.667. ఎల్ వికర్ణం మీది ఒకట్లు ఎక్కడా నిల్వ ఉండవు.

పివట్ల వరుసలో వచ్చేవి 2, 2. ఇది పెర్ముటేషన్ అనుకుంటే అర్థమే ఉండదు, ఒకే రో రెండుసార్లా? దీన్ని చదవాల్సింది ఆదేశాల్లా: మొదటి అడుగులో 1వ రోని 2వ రోతో మార్చు, రెండో అడుగులో 2వ దాన్ని 2వ దాంతోనే మార్చు, అంటే ఊరుకో. లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, సున్నా నుంచి కాదు. డిటర్మినెంట్ కావాలంటే వికర్ణం గుణించాలి: 3 × 0.667 = 2. తన స్థానంతో సరిపోలని పివట్ ఒక్కటే ఉంది కాబట్టి గుర్తు ఒకసారి మారుతుంది. జవాబు −2. అందుకే ఈ వరుసకి ‘మార్పిడులు’ అనే సొంత టైప్ ఇచ్చి, పెర్ముటేషన్‌గా మార్చే ఫంక్షన్ వేరే పెట్టాను. ఉత్త పూర్ణసంఖ్యల వెక్టర్‌గా బయటికి వదిలితే ఎవరో ఒకరు దాంతో నేరుగా ఇండెక్స్ చేస్తారు, ఖాయం.

ఆదివారం

లాపాక్ రొటీన్‌లు తిరిగిచ్చే ఇన్ఫో అనే ఒక్క సంఖ్యలో మూడు రకాల కబుర్లు ఇరికించారు. సున్నా అయితే అంతా బాగు. ధన సంఖ్య అయితే ఆ వరుస సంఖ్య దగ్గర యూ వికర్ణంలో కచ్చితమైన సున్నా ఉంది, జవాబు లేదు. రుణ సంఖ్య అయితే ఆ ఆర్గ్యుమెంటు చెల్లదు. మొదటి రెండూ డేటాకి సంబంధించినవి, ఈథర్‌లో (ఫలితమో లోపమో ఒకటి మోసే టైప్, ఫలితం రైట్ వైపు) పెట్టాను. మూడోది ప్రోగ్రామర్ తప్పు, ఎక్సెప్షన్.

ఈ విభజన లాపాక్‌ఈ దగ్గర చెడుతుంది. దాని పైపొర ఇన్‌పుట్‌లో నాన్ ఉందేమో ముందే వెతుకుతుంది. డీజీఈఎస్‌వీకి ఇచ్చిన మ్యాట్రిక్స్‌లో ఒక్క నాన్ ఉన్నా −4 వస్తుంది, కుడివైపు ఉంటే −7. అంటే ఉత్త డేటా లోపం ప్రోగ్రామర్ తప్పు వేషంలో వస్తుంది. ‘వర్క్’ అని చివర ఉండే లోపలి ఫంక్షన్లు ఈ తనిఖీ చేయవు, పని బఫర్ కూడా మనమే ఇవ్వొచ్చు. వాటికే మారిపోయాను. నాన్ తనిఖీ హాస్కెల్ వైపు, కోరుకున్నవాళ్లకే.

పని బఫర్ ఎంత కావాలో అడిగే పద్ధతి పాతకాలపుది గానీ గట్టిది. సైజుగా −1 ఇచ్చి పిలిస్తే లెక్క చేయకుండా, కావలసిన సైజుని పని బఫర్ మొదటి గదిలో రాసి వెనక్కి వస్తుంది. అదీ డబుల్‌గా! సైజుని దశాంశ సంఖ్యగా అందుకుని పూర్ణసంఖ్యగా మార్చుకోవాలి.

‘కచ్చితమైన సున్నా’ అన్నమాటని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 1 నుంచి 9 దాకా వరుసగా పేర్చిన 3 × 3 మ్యాట్రిక్స్‌కి విలోమం లేదు, కాగితం మీద డిటర్మినెంట్ సున్నా. డబుల్స్‌తో లెక్కిస్తే చివరి పివట్ దగ్గర 10⁻¹⁶ స్థాయి చెత్త మిగులుతుంది, ఇన్ఫో సున్నా వస్తుంది, జవాబు పేరుతో ఏవో సంఖ్యలు చేతికొస్తాయి. అందుకని సాధన ఫంక్షన్ జవాబుతో పాటు డీజీఈసీఓఎన్ ఇచ్చే కండిషన్ అంచనా (డేటాలోని చిన్న తప్పు జవాబులో ఎంత పెరుగుతుందో చెప్పేది) కూడా ఇస్తుంది. ఎల్‌యూ చేతిలో ఉంటే ఆ అంచనాకి పెద్ద ఖర్చు లేదు. వద్దనుకున్నవాళ్లు పారేసుకోవచ్చు.

మంగళవారం

టెస్టులు. యాదృచ్ఛిక డేటా పుట్టించి పరీక్షించే క్విక్‌చెక్ ఇలాంటి పనికి సరిగ్గా సరిపోతుంది గానీ ఏం అడగాలో తెలిసి అడగాలి. ‘తెలిసిన జవాబుకి దగ్గరగా వచ్చిందా’ అనేది తప్పు ప్రశ్న. 10 × 10 హిల్బర్ట్ మ్యాట్రిక్స్ కండిషన్ సంఖ్య దాదాపు 1.6 × 10¹³. డబుల్‌లో ఉన్న పదహారు అంకెల్లో పదమూడు దానికే పోతాయి. లాపాక్ తప్పేమీ చేయకపోయినా జవాబులో మూడు అంకెలు నిలిస్తే గొప్ప. అడగాల్సింది శేషం గురించి: వచ్చిన జవాబుని తిరిగి సమీకరణంలో పెడితే మిగిలేదెంత? దాన్ని నార్మ్‌లతో (మ్యాట్రిక్స్, వెక్టర్ల పరిమాణాలు), మెషీన్ ఎప్సిలాన్‌తో (డబుల్ కచ్చితత్వపు హద్దు) భాగించి, నిష్పత్తి చిన్నదేనా అని చూడాలి. లాపాక్ సొంత టెస్టులూ ఇదే దారిలో నడుస్తాయి.

ఐగెన్ వెక్టర్లకీ ఇదే నీతి. గుర్తు తిరగబడినా అది సరైన వెక్టరే, లైబ్రరీ మారితే గుర్తు మారొచ్చు. వెక్టర్లని ఒకదానితో ఒకటి పోల్చను. మ్యాట్రిక్స్‌తో గుణిస్తే ఐగెన్ విలువ రెట్లు అవుతుందా, ఒకదానికొకటి లంబంగా ఉన్నాయా, అంతే.

క్విక్‌చెక్‌కి ఖాళీ మ్యాట్రిక్స్‌లంటే మహా ఇష్టం. రోలే లేని మ్యాట్రిక్స్‌కి లీడింగ్ డైమెన్షన్ సున్నా కదా అనిపిస్తుంది. బ్లాస్ ఒప్పుకోదు, కనీసం 1 ఉండాలి. ఆర్గ్యుమెంటు చెల్లకపోతే పిలిచే జెర్బ్లా అసలు రూపంలో ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. హాస్కెల్ ఎక్సెప్షన్ కాదు, ప్రాసెసే ముగుస్తుంది. కాబట్టి సైజుల తనిఖీ అంతా సరిహద్దుకి ఇవతలే జరగాలి.

శుక్రవారం

సేఫా, అన్‌సేఫా? ఫారిన్ ఇంపోర్ట్ మీద ఈ ఒక్క మాట పనితీరుని తలకిందులు చేస్తుంది. అన్‌సేఫ్ పిలుపు చాలా చౌక, 3 × 3 మ్యాట్రిక్స్‌ల లూప్‌లో ఆ తేడా కనబడుతుంది. కానీ అది నడుస్తున్నంతసేపూ ఆ హాస్కెల్ కేపబిలిటీ (హాస్కెల్ థ్రెడ్‌లని నడిపే యూనిట్) బిగుసుకుపోతుంది. ఇంతలో వేరే థ్రెడ్‌కి గార్బేజ్ కలెక్షన్ కావలసి వస్తే అందరూ దీనికోసం ఆగాలి. పెద్ద మ్యాట్రిక్స్ ఐగెన్ విలువలు లెక్కిస్తుంటే ప్రోగ్రామ్ మొత్తం బొమ్మలా నిలబడుతుంది. సేఫ్ పిలుపుకి కాస్త ఖర్చెక్కువ, కానీ మిగతా థ్రెడ్‌లు వాటి పని అవి చేసుకుంటాయి.

రెండూ పెట్టాను. ఒకే సీ ఫంక్షన్‌ని రెండు హాస్కెల్ పేర్లతో ఇంపోర్ట్ చేసి, సైజుని బట్టి ఎంచుకోవడం. సరిహద్దు ఎక్కడ పెట్టాలో మెషీన్‌ని బట్టి ఉంటుంది, కాబట్టి అది మార్చుకోదగ్గ సంఖ్య. ఓపెన్‌బ్లాస్ సొంతంగా థ్రెడ్‌లు తెరుస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. హాస్కెల్ వైపు ఎనిమిది, వాటిలో ప్రతి పిలుపుకీ ఓపెన్‌బ్లాస్ వైపు ఎనిమిది అయితే కోర్‌ల కోసం కొట్టుకోవడమే సరిపోతుంది. హాస్కెల్‌లో సమాంతరంగా నడిపేటప్పుడు ఓపెన్‌బ్లాస్ థ్రెడ్‌ల సంఖ్య ఒకటికి దించమని రీడ్‌మీలో పెట్టాను.

ఆదివారం

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ఫంక్షన్ ఇవాళ కుదిరింది. డీజీఈఈఎస్, షూర్ విభజన (మ్యాట్రిక్స్‌ని దాదాపు త్రిభుజ రూపానికి తెచ్చి ఐగెన్ విలువలు చూపేది). ఫోర్ట్రాన్ రొటీన్ అయ్యుండి ఒక ఫంక్షన్‌ని ఆర్గ్యుమెంటుగా తీసుకుంటుంది! ఏ ఐగెన్ విలువలు ముందు రావాలో ఆ ఫంక్షన్ చెబుతుంది. ‘వాస్తవ భాగం రుణమైనవి ముందుకి’ అని హాస్కెల్‌లో ఒక్క లాంబ్డా రాస్తే అది ఫోర్ట్రాన్ లోపల నడుస్తుంది. ‘రాపర్’ ఇంపోర్ట్‌తో హాస్కెల్ ఫంక్షన్‌కి సీ పాయింటర్ పుడుతుంది, పని అయ్యాక దాన్ని మనమే విడిపించాలి. ఇక్కడ పిలుపు సేఫ్ అయి తీరాలి, ఎందుకంటే అన్‌సేఫ్ పిలుపులోంచి హాస్కెల్‌లోకి తిరిగి రావడం నిషిద్ధం.

ఆ లాంబ్డా ఎక్సెప్షన్ విసిరితే? సీ, ఫోర్ట్రాన్ ఫ్రేముల మీదుగా అది దూకలేదు, ప్రోగ్రామ్ పోతుంది. అందుకని చుట్టూ ఒక వల పెట్టాను. ఏది వచ్చినా పట్టుకుని ఐఓరెఫ్‌లో (మార్చదగిన విలువ పెట్టె) దాచి, ఫోర్ట్రాన్‌కి ‘కాదు’ అని చెప్పి, పిలుపు ముగిసి హాస్కెల్‌లోకి వచ్చాక మళ్లీ విసురుతుంది.

ఇన్ఫోలో ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. సైజు కంటే రెండు ఎక్కువగా వస్తే అర్థం: క్రమం మార్చే క్రమంలో విలువలు పిసరంత కదిలాయి, ముందుకి తెచ్చిన వాటిలో కొన్ని నీ షరతుకి ఇప్పుడు సరిపోవు. విభజన మాత్రం సరైనదే. దీన్ని తప్పు అనలేం, పూర్తి ఒప్పూ అనలేం. రైట్‌లోనే ఇచ్చి, ఫలితం పక్కన ‘సరిహద్దు మీద ఉన్నాయి’ అనే గుర్తు పెట్టాను.

సోమవారం

కాంప్లెక్స్ సంఖ్యలు మొదలుపెట్టా. గుణకారం, సాధన పెద్దగా ఏడిపించవు, పాయింటర్లే కదా. డాట్ ప్రొడక్ట్ దగ్గర చిక్కుంది. కాంప్లెక్స్ విలువని ఫంక్షన్ ఫలితంగా ఎలా తిరిగి ఇవ్వాలన్నదాని మీద ఫోర్ట్రాన్ కంపైలర్లలోనే రెండు పద్ధతులున్నాయి, హాస్కెల్ ఎఫ్‌ఎఫ్‌ఐ అయితే స్ట్రక్ట్‌ని విలువగా అందుకోనే లేదు. సీబ్లాస్‌లో చివర ‘సబ్’ అని ఉండే రూపం ఫలితాన్ని పాయింటర్ ద్వారా రాస్తుంది, దాన్నే వాడుతున్నా. సింగిల్ ప్రిసిషన్ కాంప్లెక్స్‌కీ అదే. హెర్మిటియన్ మ్యాట్రిక్స్‌లకి ట్రాన్స్‌పోజ్ గుర్తు ఒక్కటే చాలదు, కాంజుగేట్‌కి మూడో విలువ కావాలి. అంటే బుధవారం పెట్టుకున్న టైప్‌లో బూలియన్ తీసేసి మూడు కన్‌స్ట్రక్టర్లు పెట్టాలి. కంపైలర్ చూపించే ఎర్రర్‌ల జాబితా పొడుగ్గానే ఉంది, రేపు పైనుంచి ఒక్కొక్కటీ.